పోయిన ఎర్రర్ మళ్ళీ ఎప్పుడొస్తోంది?

(నెట్ సెంటర్లు, జిరాక్స్, డీటీపీ షాపులు నడిపేవాళ్ళ కోసం ఆదివారం పొద్దున లైబ్రరీ హాల్లో ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినపడుతోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు బాబూ, మైక్‌లో గాలి కొడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది. నేను ప్రసంగాలిచ్చే మనిషిని కాదండీ, స్క్రూడ్రైవర్ పట్టుకునే మనిషిని, 17 ఏళ్ళ నుంచి ఈ టౌన్లో సిస్టమ్స్ రిపేర్ చేస్తున్నా, మీలో సగం మంది షాపుల్లో టేబుల్ కింద దూరి దుమ్ము తిన్నవాణ్ణే. కాబట్టి పెద్ద పెద్ద మాటలేం ఉండవు, మధ్యలో డౌట్ వస్తే అడిగెయ్యండి.

నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకటేలా మొదలవుతాయి. "సార్, మొన్నేదో అప్‌డేట్ అయింది, అప్పట్నుంచి బ్రౌజర్ ఓపెన్ చేస్తే ఎర్రర్ అంటోంది." ఏం ఎర్రర్ అని అడుగుతా. "ఏదో ఇంగ్లీషులో వచ్చింది సార్, క్లోజ్ చేసేశా." (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ఆ ఫోన్ చేసింది మీరే. పెద్దక్షరాలు కాదండీ చూడాల్సింది, కింద బూడిదరంగులో చిన్నగా ఒక కోడ్ ఉంటుంది, దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, నా టైమూ మీ టైమూ గంట మిగుల్తుంది.

ఇవాళ నేను చెప్దామనుకుంది మాత్రం ఆ కోడ్ గురించి కాదు. ఒకసారి వచ్చి పోయిన ఎర్రర్‌ని నేను పట్టించుకోను, మీరూ పట్టించుకోవద్దు. బాగైపోయింది అనుకుని డబ్బులు కూడా ఇచ్చేశాక మళ్ళీ వస్తుంది చూడండి, దాంతోనే తంటా. దాన్ని పట్టుకోవాలంటే ఏమొచ్చింది అనేది ఎంత ముఖ్యమో ఎప్పుడొస్తోంది అనేది అంతకంటే ముఖ్యం. రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తే మా నాయనమ్మ రక్తపరీక్ష లేకుండానే మలేరియారా అనేసేది. ఇదీ అంతే, రోజూ పొద్దున్నే వస్తోందా, వారానికోసారా, రీస్టార్ట్ చేసినప్పుడల్లానా, లేకపోతే ఊళ్ళో అందరికీ ఒకేరోజు వచ్చిందా, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మన స్టేషన్ రోడ్డు వైపు ఒక జిరాక్స్ షాపాయన, పేరెందుకులెండి. అప్‌డేట్ పడిన దగ్గర్నుంచి రోజూ పొద్దున షాపు తెరవగానే ఏ సైట్‌కెళ్ళినా "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని ఎర్ర త్రికోణం. ఒక కుర్రాడు వచ్చి బ్రౌజర్ తీసేసి మళ్ళీ వేశాడు, పనిచేసింది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే. మళ్ళీ తీసి మళ్ళీ వేశాడు, పనిచేసింది, మర్నాడు షరా మామూలే. మూడోసారి విండోస్ మొత్తం వేసెయ్యాలన్నాడంట, అప్పుడు నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి పదకొండైంది, సిస్టమ్ శుభ్రంగా పనిచేస్తోంది, నాకు చూపించడానికి ఎర్రరే లేదు. సరే రేపు షాపు తెరిచే టైముకి వస్తానని వెళ్ళిపోయా.

మర్నాడు ఎనిమిదింటికి వెళ్ళా. ఆన్ చేశాం. కుడిచేతి వైపు కింద టైమ్ ఉంటుంది కదా, అక్కడ తేదీ చూస్తే 2015 జనవరి 1. కోడ్ చూస్తే నెట్ ఎర్ర్ సర్ట్ డేట్ ఇన్వాలిడ్. అంటే బ్రౌజర్ ఏమంటోందంటే ఈ సైట్ సర్టిఫికెట్ తేదీ కుదరట్లేదు అని. ప్రతి వెబ్‌సైట్‌కీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు చెల్లుతుంది అని ఉంటుంది, మన లైసెన్స్ లాగా. సిస్టమ్ దృష్టిలో ఇవాళ 2015, సర్టిఫికెట్ ఏమో ఈమధ్య ఇచ్చింది, అంటే సిస్టమ్ లెక్కలో అది ఇంకా పుట్టనే లేదు. 2020 సెప్టెంబర్ 1 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్లు 398 రోజులకి మించి చెల్లకూడదని రూల్ పెట్టారు, కాబట్టి గడియారం రెండేళ్ళు అటో ఇటో జరిగిందంటే దాదాపు ఏ సైటూ తెరుచుకోదు.

మరి గడియారం ఎందుకు వెనక్కెళ్తోంది? మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. కరెంట్ లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు వోల్టులు కూడా చూపించట్లా. సెల్ చచ్చిపోయి ఎన్నాళ్ళైందో ఏమో, కానీ ఆయన ఎప్పుడూ సిస్టమ్‌ని షట్‌డౌన్ చేసేవాడు కాదు, స్లీప్‌లో పెట్టి షట్టర్ వేసుకుని వెళ్ళిపోయేవాడు, గోడ స్విచ్ ఆన్‌లోనే ఉండేది కాబట్టి గడియారానికి ఆ కరెంటే సరిపోయేది. అప్‌డేట్ వచ్చిన రాత్రి అదెంతకీ అవ్వట్లేదని "అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" కొట్టి, అయ్యాక బోర్డు స్విచ్ కూడా ఆపేసి వెళ్ళాడు, అదేదో బాగానే ఉందే కరెంట్ ఆదా అని అప్పట్నుంచి రోజూ అదే అలవాటు. చూశారా, అప్‌డేట్ తప్పు కాదు, అప్‌డేట్ రోజున మారిన అలవాటు.

ఇంకొకటి, ఆ కుర్రాడు బ్రౌజర్ మళ్ళీ వేస్తే రోజంతా ఎందుకు పనిచేసింది? వాడు బ్రౌజర్ డౌన్‌లోడ్ చేద్దామంటే సైట్ తెరుచుకోదు కదా, అందుకని ముందు చేత్తో టైమ్ సరిచేశాడు. రోగం అక్కడే పోయింది, పేరు మాత్రం రీఇన్‌స్టాల్‌కి వచ్చింది. (నవ్వులు) పాపం వాడి తప్పు లేదులెండి, నేనూ ఆ వయసులో అంతే.

ఎవరో అడగబోతున్నారు, ఇంటర్నెట్ ఉంటే టైమ్ దానంతటదే సెట్ అవుతుంది కదా అని. అవుతుంది, కానీ మన షాపుల్లో సిస్టమ్స్ మీద విండోస్ మామూలు సెట్టింగ్‌లో తేడా 15 గంటలు దాటిందంటే అది దానంతట అది సరిచెయ్యదు, అంత తేడా చూసి దానికే అనుమానం వస్తుంది. సెల్ మార్చా, యాభై రూపాయలు కూడా కాలేదు. దానికి రెండుసార్లు రీఇన్‌స్టాల్, పోయిన సేవ్ పాస్‌వర్డ్లు, అవి మళ్ళీ గుర్తుతెచ్చుకోవడానికి ఆయన పడిన పాట్లు.

పాస్‌వర్డ్లు అన్నా కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. బ్రౌజర్ అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "బ్రౌజింగ్ డేటా కూడా తీసెయ్యాలా" అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టకపోతే ప్రొఫైల్ ఫోల్డర్ అలాగే ఉండిపోతుంది, మళ్ళీ వేస్తే పాత సెట్టింగులన్నీ పాత రోగంతో సహా వచ్చి కూర్చుంటాయి. టిక్కు పెడితే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్లు అన్నీ గోవిందా. టిక్కు పెట్టి అన్నీ తుడిచేసినా గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే పాత ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలు, వరసగా దిగిపోతాయి, అందులో దొంగ ఎక్స్‌టెన్షన్ ఉంటే అదీ దిగుతుంది. "లాగిన్ అవ్వనంతసేపు బానే ఉంది సార్, లాగిన్ అవ్వగానే వస్తోంది" అన్నారంటే నేను సీదా ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్తా. తీసెయ్యక్కర్లా, ముందు ఇన్‌కాగ్నిటో విండోలో, అదే హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండోలో చూడండి, అక్కడ మీరు పర్మిషన్ ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు. అందులో బాగుండి మామూలు విండోలో బాలేదంటే గొడవ ఎక్స్‌టెన్షన్లలోనో కుకీల్లోనో, కుకీలంటే సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చిన్న గుర్తులు. కుకీలైతే ఆ ఒక్క సైట్‌వే తీసెయ్యండి, అడ్రస్ బార్‌లో సైట్ పేరుకి ఎడమపక్క గుర్తు మీద నొక్కితే ఉంటుంది. మొత్తం హిస్టరీ క్లియర్ కొట్టి కూర్చోకండి.

ఇప్పుడు వారానికోసారి వచ్చేది. ట్యాక్స్ పనులు చేసే ఒక మేడమ్ గారు, డిజిటల్ సంతకం డాంగిల్ వాడతారు, పెన్‌డ్రైవ్‌లా గుచ్చేది. "ప్రతి మంగళవారం వస్తోందండీ, మంగళవారం మంచిది కాదంటారు, నిజమే" అన్నారు. (నవ్వులు) నేను మొదట నవ్వేశా, తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సంతకం పెట్టే సైట్లలో ఏం జరుగుతుందంటే, బ్రౌజర్ నేరుగా డాంగిల్‌ని ముట్టుకోలేదు. ఒకప్పుడు జావా ప్లగిన్ అని బ్రౌజర్‌కి తగిలించే ముక్కతో ముట్టుకునేది, 2015 సెప్టెంబర్‌లో క్రోమ్ 45తో ఆ ప్లగిన్ల దారి పూర్తిగా మూసేశారు, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ కూడా. అప్పట్నుంచి చాలామంది పట్టుకున్న దారి ఏంటంటే మన సిస్టమ్‌లోనే ఒక చిన్న ప్రోగ్రాం వెనకాల నడుస్తూ ఉంటుంది, సైట్ దాంతో 127.0.0.1 అనే అడ్రస్‌లో మాట్లాడుతుంది, అంటే మన ఇంట్లోనే పక్క గదితో మాట్లాడినట్టు. ఆ ప్రోగ్రాం తన సర్టిఫికెట్ తానే రాసుకుంటుంది, బ్రౌజర్ దాన్ని నమ్మదు, ఎర్రర్ చూపిస్తుంది. మేడమ్ గారు "అడ్వాన్స్‌డ్" నొక్కి "పర్లేదు వెళ్ళు" అని నొక్కేవారు, పని అయిపోయేది. క్రోమ్ ఆ "పర్లేదు"ని మామూలుగా వారం రోజులే గుర్తుపెట్టుకుంటుంది, అండీ! ఏడు రోజులైతే మర్చిపోతుంది. ఈవిడ మొదటిసారి నొక్కింది మంగళవారం, కాబట్టి మళ్ళీ మంగళవారం, మళ్ళీ మంగళవారం.

అప్‌డేట్‌కి ముందు ఎందుకు రాలేదంటే, పాత ప్రోగ్రాం వేసినప్పుడు ఎవరో దాని సర్టిఫికెట్‌ని విండోస్ నమ్మే జాబితాలో పెట్టారు. ప్రోగ్రాం కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కొత్త సర్టిఫికెట్ రాసుకుంది, అది జాబితాలో లేదు. పెట్టాం, బ్రౌజర్ మూసి తెరిచాం, ఆ తర్వాత ఎన్నో మంగళవారాలు గడిచాయి. కానీ ఒక హెచ్చరిక, ఆ జాబితాలో ఏది పడితే అది పెట్టకండి. అందులో చోటిచ్చారంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే, ఆ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాడు ఏ బ్యాంకు సైట్‌లాగైనా వేషం వెయ్యగలడు. అసలు సైట్ నుంచి దింపుకున్న ప్రోగ్రాందే పెట్టాలి, ఎవరో టెలిగ్రామ్‌లో పంపింది పెట్టకూడదు.

రీస్టార్ట్ చేసినప్పుడల్లా, బ్రౌజర్ తెరిచినప్పుడల్లా వచ్చేదైతే బ్రౌజర్‌ని వదిలేసి దాంతోపాటు లేచే ప్రోగ్రాంలు చూడండి, ముఖ్యంగా యాంటీవైరస్. 2019 అక్టోబర్‌లో క్రోమ్ 78 వచ్చినప్పుడు చాలా ఆఫీసుల్లో ఏ పేజీ తెరిచినా "ఆ, స్నాప్" అని బొమ్మ, ఆఖరికి సెట్టింగుల పేజీ కూడా తెరుచుకోలేదు. క్రోమ్ ఆ వెర్షన్‌లో ఒక కాపలా పెట్టింది, సరైన సంతకం లేని బయట ప్రోగ్రాంల ఫైళ్ళని పేజీ నడిచే చోటికి రానివ్వను అని. సిమాంటెక్ ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ అనే యాంటీవైరస్ పాత వెర్షన్లు అక్కడికే దూరి కూర్చుంటాయి. కాపలావాడు ఆపాడు, పేజీ కూలింది. ఎన్నిసార్లు క్రోమ్ రీఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు, ఎందుకంటే ఒక సగమే అప్‌డేట్ అయింది, రెండో సగం పాతదే. యాంటీవైరస్‌ని అప్‌డేట్ చేసినవాళ్ళకి పోయింది. అప్‌డేట్ వల్ల ఎర్రర్ వచ్చింది అంటాం గానీ, చాలాసార్లు ఇంకో అప్‌డేట్ చెయ్యకపోవడం వల్ల వస్తుంది.

ఇక అందరికీ ఒకేసారి వచ్చేది. ఇది వస్తే చేతులు కట్టుకుని కూర్చోవడమే మందు, నిజంగా. 2019 మే 4, మనకి పొద్దున్నే ఫైర్‌ఫాక్స్ వాళ్ళ సర్టిఫికెట్ ఒకటి గడువు దాటిపోయింది, యాడ్-ఆన్ల మీద, అంటే ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్ల మీద, సంతకం చెల్లుతుందా లేదా అని చూసే వరసలో మధ్యది. ఫైర్‌ఫాక్స్ 24 గంటలకోసారి చెక్ చేస్తుంది కాబట్టి ఒకడికి పొద్దున, ఒకడికి మధ్యాహ్నం, ఇంకొకడికి సాయంత్రం యాడ్-ఆన్లన్నీ ఆగిపోయాయి, ఎవడికివాడు తన సిస్టమ్‌కే ఏదో అయిందనుకున్నాడు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ళు గట్టిగా చెప్పింది ఒకటే, దయచేసి యాడ్-ఆన్లు తీసి మళ్ళీ వెయ్యకండి, తీస్తే వాటిలో డేటా పోతుంది అని. మే 5న 66.0.4 వెర్షన్ ఇచ్చారు, తీసెయ్యకుండా ఓపిక పట్టినవాళ్ళకి చాలావరకు అన్నీ వాటంతటవే లేచాయి. తొందరపడి తీసేసినవాళ్ళు మాత్రం సెట్టింగులు మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నారు.

2022 జనవరిది ఇంకా చిత్రం. 11న ఫైర్‌ఫాక్స్ 96 వచ్చింది, 13న ప్రపంచమంతా ఫైర్‌ఫాక్స్ ఏ సైటూ తెరవకుండా బిగుసుకుపోయింది. అందరం ఏమనుకుంటాం? కొత్త వెర్షన్ అని. పాత వెర్షన్‌కి వెళ్ళినవాళ్ళకి కూడా అదే! అసలు సంగతి, ఫైర్‌ఫాక్స్ తన రిపోర్టులు పంపే సర్వర్ దగ్గర హెచ్‌టీటీపీ 3 అనే కొత్త పద్ధతి ఆన్ అయింది, ఫైర్‌ఫాక్స్ కోడ్‌లో ఎప్పట్నుంచో దాక్కున్న తప్పు ఒకటి దాంతో నిద్రలేచి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సర్వర్ వైపు సరిచేసి, ఫైర్‌ఫాక్స్ ఒకసారి మూసి తెరిస్తే పోయింది. అప్‌డేట్ రెండు రోజుల ముందే వచ్చి నిందంతా మోసింది.

— మాస్టారూ, ఒకే ఒక్క సైట్ రాకపోతే? మిగతావన్నీ వస్తాయి, అదొక్కటే రీసెట్ అంటుంది.

మంచి ప్రశ్న బాబాయ్ గారూ. 2024 ఏప్రిల్‌లో క్రోమ్ 124తో అచ్చం ఇలాగే అయింది కొన్నిచోట్ల. బ్రౌజర్ సైట్‌కి ముందు ఒక "హలో" పంపిస్తుంది, అది ఇన్నాళ్ళూ ఒక్క ప్యాకెట్‌లో పట్టేది, ప్యాకెట్ అంటే మామూలుగా 1500 బైట్లు. రేపెప్పుడో క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఇప్పటి తాళాలు పగలగొడతాయని క్రోమ్ కొత్తరకం తాళం జతచేసింది, దాని సైజే 1184 బైట్లు, దాంతో హలో రెండు ప్యాకెట్లైంది. కొన్ని పాత సర్వర్లు, వచ్చేపోయే నెట్ ట్రాఫిక్‌ని కాపలా కాయడానికి ఆఫీసుల్లో పెట్టే కొన్ని ఫైర్‌వాల్ పెట్టెలు ఉత్తరం మొదటి పేజీ చదివి రెండో పేజీ రాకముందే ఇదేదో తప్పుడు ఉత్తరమని చించేశాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ బ్రౌజర్ ఎడ్జ్‌లో చూసినా అదే ఎర్రర్, ఎందుకంటే క్రోమ్, ఎడ్జ్ రెండిటికీ ఇంజన్ ఒకటే. ఫైర్‌ఫాక్స్‌లో అప్పటికి ఆ కొత్త తాళం ఆన్ చెయ్యలేదు, అందుకే దాంట్లో సైట్ వచ్చేది. అందుకే నేనెప్పుడూ చెప్తా, క్రోమ్‌లో రాకపోతే ఎడ్జ్‌లో చూడటం చూడటం కాదు, ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. తర్వాత షాపు ఇంటర్నెట్ తీసి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. హాట్‌స్పాట్‌లో వచ్చిందంటే మీ రౌటరో, మధ్యలో ఉన్న పెట్టో. దేంట్లోనూ రాలేదంటే ఆ సైట్ వాడి పని, మీ సిస్టమ్‌ని హింసించకండి.

— విండోస్ 7 ఉందండీ మా దాంట్లో, స్కానర్ దానికే పనిచేస్తుంది.

తెలుసు, చాలామంది దగ్గర ఇంకా ఉంది. దాంట్లో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, 2023 జనవరిలో వచ్చిన వెర్షన్ అది. ఇక పైకి రాదు, అప్‌డేట్ చెయ్యమని సైట్లు అరుస్తూనే ఉంటాయి, మీరు చెయ్యగలిగిందేం లేదు. స్కానర్‌కి ఆ సిస్టమ్ ఉంచుకోండి, నెట్ పనులు, ముఖ్యంగా బ్యాంకు పనులు, ఇంకో దాంట్లో చేసుకోండి. పెన్‌డ్రైవ్‌తో అటూ ఇటూ మోయడం కష్టమే, నాకూ తెలుసు.

ఆ వెనకావిడ అడిగింది వినపడింది, కుడిపక్క కింద "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అని వచ్చేది. అది ఎర్రరే కాదమ్మా, ఎప్పుడో ఏ సినిమా సైట్‌లోనో "అలౌ" నొక్కారు, ఆ సైట్ పంపే నోటిఫికేషన్. సెట్టింగుల్లో నోటిఫికేషన్లలోకెళ్ళి ఆ సైట్ తీసెయ్యండి, అందులో ఉన్న నంబర్‌కి మాత్రం చచ్చినా ఫోన్ చెయ్యకండి.

సర్టిఫికెట్ల గడువు గురించి ఒకటి మర్చిపోయా. 398 రోజులన్నా కదా, దాన్ని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకి, 2029 మార్చికల్లా 47 రోజులకి తగ్గించాలని నిర్ణయించారు. గడువు చూసుకుని మార్చడం మర్చిపోయే సైట్లు ఎటూ ఉంటాయి, వాళ్ళకి మర్చిపోయే అవకాశాలు ఇంకా పెరుగుతాయన్నమాట. ఎర్రర్ రాగానే ముందు మీ సిస్టమ్ తేదీ చూసుకోండి, అది సరిగ్గా ఉండి ఒక్క సైట్‌కే వస్తే వాళ్ళు మర్చిపోయినట్టు, "పర్లేదు" నొక్కి లోపలికెళ్ళి కస్టమర్ కార్డు నంబర్ కొట్టకండి.

— సార్, మాకు రోజూ సాయంత్రం ఆరున్నరకి వస్తుంది. పగలంతా బానే ఉంటుంది. అప్‌డేట్ తర్వాతే మొదలైంది.

ఆరున్నరకా? ఏం కోడ్? ... ఫోటో లేదా. (నవ్వులు) ఆరున్నరకి మీ షాపులో ఏమవుతుంది? బోర్డు లైట్లు వేస్తారు. ఇంకా? పక్క టిఫిన్ బండాయన మీ ప్లగ్ పాయింట్ వాడుకుంటాడా? మీ రౌటర్ ఎక్కడుంది, అదే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీదా? ఊహూ, ఇక్కడ కూర్చుని నేను చెప్పను. రేపు వస్తా. మధ్యాహ్నం రాను, మీరు ఫోన్ చేసినా రాను, ఆరూ ఇరవైకి వస్తా, ఆరున్నరకి మీరు రోజూ చేసే పనులన్నీ నేను లేనట్టే చెయ్యండి.